పదెకరాల్లో 4,500 మొక్కలు: పని సరిగ్గా జరిగిందో లేదో ఎలా చూడాలి?

చదివేవాళ్లందరికీ అర్థం కావడానికి మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. ఊరి చెరువు వెనక పదెకరాల పంచాయతీ స్థలం ఉంది. బడిలో కలిసి చదువుకున్నవాళ్లంతా తలా కొంత వేసుకుని అక్కడ మొక్కలు పెట్టిద్దామనుకున్నారు. 3 మీటర్లకు ఒకటి చొప్పున 4,500 మొక్కలు. పని కాంట్రాక్టరుకు ఇస్తున్నారు. మొక్కకు ఇంత అని రేటు, ఏడాది తర్వాత 85 శాతం బతికి ఉండాలి అని కాగితం రాసుకుంటే చాలా, మధ్యలో మేమేమైనా చూడాలా అని అడిగారు.

చాలదు. నేను పాతికేళ్లకు పైగా ఈ పనే చేయించాను. రోడ్ల పక్కన, గుట్టల మీద, చెరువు గట్ల మీద, బడి ఆవరణల్లో. 85 శాతం అని రాసుకోవడం తప్పు కాదు, కానీ ఆ అంకె మీకు సంగతి చెప్పేసరికి ఏడాది దాటిపోతుంది. ఆ ఏడాది వాన మళ్లీ రాదు. పైగా నాటే పనిలో తప్పులన్నీ మట్టి కింద జరుగుతాయి. మట్టి కప్పి, పాదు కట్టి, నీళ్లు పోశాక మంచిగా నాటిన మొక్కా చెడుగా నాటిన మొక్కా పక్కపక్కన ఒకేలా కనబడతాయి. నెల వరకు రెండూ పచ్చగానే ఉంటాయి.

ఇది నాకు తెలిసిన తీరు చెప్తాను. ఒక రోడ్డు వెంట కానుగ మొక్కలు పెట్టించాం. మొదటి ఏడాది చాలా బాగున్నాయి, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మూడో ఏడాది మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. పొద్దున వెళ్లి చూస్తే తలెత్తు పెరిగిన మొక్కలు వరసగా ఒరిగిపోయి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని లాగితే పెద్ద బలం పెట్టకుండానే ఊడి చేతికొచ్చింది. కింద నల్ల కవరు, నర్సరీలో ఉన్నట్టే, చిల్లులతో సహా చెక్కుచెదరకుండా ఉంది. ఆ చిల్లుల్లోంచి నాలుగైదు సన్న వేర్లు బయటికి వచ్చాయి, మిగతావన్నీ లోపలే తాడు చుట్టలా చుట్టుకుపోయాయి. ఆ కవరు చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నాటినరోజు నేను అక్కడే ఉన్నాను, మొక్కలు లెక్కపెట్టాను, ఫోటోలు తీశాను. ఒక్క మొక్కను కూడా తవ్వి చూడలేదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. అది మీకూ పనికొస్తుంది.

మొదట నర్సరీ. నాటేవాళ్ల మీద వేసే తప్పుల్లో చాలా వరకు నర్సరీలోనే పుట్టినవి. మొక్కలు దింపుకున్నాక కాదు, బండికి ఎక్కించకముందే నర్సరీకి వెళ్లి చూడండి. ఎత్తు చూసి మోసపోకండి. రెండడుగుల మొక్క మొదలు దగ్గర పెన్సిల్ మందమైనా ఉండాలి. పొడుగ్గా, సన్నగా, కర్ర ఊత లేకపోతే వంగిపోయేలా ఉందంటే అది షేడ్ నెట్ కింద ఒత్తుగా పెరిగిన మొక్క, మన ఎండకు తట్టుకోదు. నాటడానికి మూడు నాలుగు వారాల ముందే మొక్కల్ని నీడలోంచి బయటికి తెచ్చి, నీళ్లు కొద్దికొద్దిగా తగ్గించి ఎండకు అలవాటు చేయాలి. ఆ పని జరిగిందా అని అడగండి. తర్వాత వరసల మధ్యలోంచి ఏవైనా పది మొక్కలు తీయించి, కవర్లు కోయించి, వేర్లు చూడండి. అడుగున వేర్లు గుండ్రంగా తిరిగి గట్టిపడ్డాయంటే ఆ మొక్కకు వయసు మించిపోయింది. కవర్లు ఎప్పటికప్పుడు జరపకపోతే తల్లివేరు అడుగున చిల్లులోంచి నేలలోకి దిగిపోతుంది, ఎత్తేటప్పుడు తెగిపోతుంది. ఇలాంటివి పదిలో రెండు మూడు కనబడితే ఆ బ్యాచ్ వద్దనండి. పది మొక్కలు పాడయ్యాయని నర్సరీ వాళ్లు అంటే వాటి డబ్బు ఇచ్చేయండి.

వేరు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గారు విత్తనాలు వెంట పెట్టుకుని తిరుగుతూ ఖాళీ కనబడిన చోటల్లా చల్లేవారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. విత్తనం నుంచి నేలలోనే మొలిచిన చెట్టుకు తల్లివేరు నిటారుగా దిగుతుంది, దానికి కవరు అంటే ఏంటో తెలియదు. మనం కవరు మొక్క పెడుతున్నామంటే ఆ వేరును ఒకసారి ఇరుకులో పెట్టి మళ్లీ విడిపిస్తున్నాం. మన పనిలో నాణ్యత అంతా ఆ విడిపించడం ఎంత జాగ్రత్తగా చేశాం అన్నదాంట్లోనే ఉంది. మీ స్థలంలో వేప, చింత, కానుగ లాంటివి కొన్ని చోట్ల నేరుగా గింజ పెట్టించి చూడండి. వేప గింజ మాత్రం తాజాది కావాలి, నిలవ ఉంటే కొన్ని వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది.

గుంతలు. ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. వాన పడ్డాక కాదు, వేసవిలోనే తవ్వించాలి. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండ గుంతలో పడాలి. మట్టిలో పురుగు, గుడ్లు చాలా వరకు పోతాయి, గుంత గోడలు గుల్లబారతాయి. అందుకే గుంతలకు వేరే కొలత, వేరే పేమెంట్ పెట్టండి, నాటే పనితో కలపకండి. ఒకటిన్నర అడుగు కర్ర ఒకటి కోసి పెట్టుకోండి. పైన కొలిచి వదిలేయవద్దు, అడుగున అడ్డంగా పెట్టి చూడండి. గడ్డపారతో గట్టి నేల తవ్వేవాళ్లు అలిసిపోయేకొద్దీ గుంత గిన్నెలా అవుతుంది, పైన వెడల్పు సరిపోతుంది, అడుగున జానెడే ఉంటుంది. పైమట్టి ఒక పక్కన, అడుగు మట్టి ఇంకో పక్కన పోయించండి. నాటేటప్పుడు సారవంతమైన పైమట్టి వేరు పక్కకు వెళ్లాలి. రెండూ కలిపేసి కుప్ప పోస్తే ఆ అవకాశం పోయినట్టే.

ఇక నాటే రోజు. మీరు ఒక్క రోజే రాగలను అంటే ఈ రోజు రండి, అదీ సాయంత్రం ఫోటోకు కాదు, పొద్దున మొదటి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో చేతులు ఎలా అలవాటుపడితే రోజంతా అలాగే నడుస్తుంది. మొదటి వంద మొక్కల్లోనే తప్పు పట్టుకుంటే కూలీలకు నష్టం లేదు, మీకూ లేదు. సాయంత్రం వెయ్యి నాటాక వచ్చి పీకండి అంటే గొడవ అవుతుంది, ఆ గొడవలో న్యాయం వాళ్లవైపే ఉంటుంది.

నాటేముందు నేల వానకు బాగా తడవాలి. మొదటి చినుకులకే మొదలుపెట్టకండి. మృగశిరలో ఒక వాన పడి ఆగిపోయిన ఏళ్లు చాలా చూశాను. గుంతలో చెయ్యి పెట్టి చూడండి, జానెడు లోతు వరకు తడి ఉంటేనే నాటించండి. మా వైపు ఆరుద్ర, పునర్వసు కార్తెలు మంచి అదను.

మొక్క తడి గురించి నాకు నేర్పింది ఒక పెద్దమ్మ. మా దగ్గర చాలా ఏళ్లు కూలికి వచ్చేది. ప్రతి కవరునూ అరచేతిలో పెట్టుకుని ఒకసారి బరువు చూసేది. తేలిగ్గా ఉంటే పక్కన పెట్టేసేది. 'సారూ, ఇది లోపల ఎండిపోయింది, పైన పోసిన నీళ్లు దీనికి ఎక్కవు' అనేది. బకెట్లో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచి తీసేది. ఎండిన మట్టిముద్దను తడి నేలలో పెట్టినా చుట్టూ ఉన్న తడి దానిలోకి సరిగా చేరదు, మొక్క నీళ్ల మధ్యలోనే దాహంతో చనిపోతుంది. మీ పని దగ్గర రెండు పెద్ద టబ్బులు నీళ్లు పెట్టించండి. ఖర్చు లేదు, లాభం చాలా.

మొక్కను కాండం పట్టుకుని ఎత్తనివ్వకండి, కవరు పట్టుకోవాలి. బ్లేడుతో కవరును పైనుంచి కిందికి ఒక గాటు, అడుగున చుట్టూ ఇంకో గాటు. అడుగు భాగంలో చుట్టుకున్న వేర్లుంటే వాటినీ కోసేయాలి. మట్టిముద్ద పగలకుండా గుంతలో దింపాలి. ముద్ద పైభాగం నేలతో సమానంగా రావాలి. లోతుగా పూడిస్తే మొదలు కుళ్లుతుంది, పైకి ఉంటే వేరు ఎండుతుంది. మట్టి రెండు మూడు విడతలుగా పోసి, ప్రతి విడతకూ కాలితో ముద్దకు పక్కన తొక్కాలి, ముద్ద మీద కాదు. చివర్లో రెండు వేళ్లతో మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా పైకి లాగండి. కదిలిందంటే లోపల గాలి ఉంది. సమతలం మీద చుట్టూ పాదు, వాలు ఉంటే కిందివైపు అర్ధచంద్రంలా కట్ట.

కోసిన కవర్ల గురించి ఒక మాట. ప్రతి బృందానికీ ఒక గోనెసంచి ఇచ్చి, కోసిన కవర్లన్నీ అందులో వేయమనండి. సాయంత్రం మొక్కల లెక్కతో పాటు కవర్ల లెక్క కూడా చూడండి. 300 మొక్కలు నాటి 210 కవర్లే వచ్చాయంటే మిగతా 90 ఎక్కడున్నాయో మీకు తెలుసు. ఆ కానుగల తర్వాత నేను వదలకుండా పెట్టుకున్న నియమం ఇది.

తనిఖీ. 4,500 మొక్కలు ఒక్కొక్కటీ చూడలేరు, చూడక్కర్లేదు కూడా. 5.64 మీటర్ల తాడు కోసుకోండి, అంటే పద్దెనిమిదిన్నర అడుగులు. ఒక చివర కర్రకు కట్టి నేలలో గుచ్చి, ఇంకో చివర పట్టుకుని చుట్టూ తిరిగితే సరిగ్గా 100 చదరపు మీటర్ల వృత్తం అవుతుంది. 3 మీటర్ల దూరంలో నాటితే ఆ వృత్తంలో సుమారు 11 మొక్కలు పడాలి. 15 ఉన్నాయంటే మెత్తని నేల దొరికిన చోట దగ్గర దగ్గరగా పెట్టేశారు, 7 ఉన్నాయంటే రాయి తగిలిన చోట వదిలేశారు. ఒకటి రెండు తేడా గురించి గొడవ పడకండి, వృత్తం అంచు ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి అంత తేడా ఎప్పుడూ వస్తుంది. పదెకరాలకు ఇలాంటి 20 వృత్తాలు వేస్తే 5 శాతం నేల, 220 మొక్కల దాకా చూసినట్టు. ప్రతి వృత్తంలో అన్ని మొక్కలకూ పైనుంచి చూసే పరీక్షలు చేయండి: నిటారుగా ఉందా, లాగితే కదిలిందా, ముద్ద సమంగా ఉందా, పాదు ఉందా. ఒక్క మొక్కను మాత్రం పూర్తిగా తవ్వి చూసి, మళ్లీ జాగ్రత్తగా నాటించండి.

వృత్తాలు ఎక్కడ వేయాలో స్థలంలోకి దిగకముందే నిర్ణయించుకోండి. మ్యాపు మీద గీత గీసి, ఇన్ని అడుగులకు ఒకటి అని పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక ఎంచుకుంటే మన కాళ్లు బాట పక్కకే పోతాయి, మంచి పని కూడా బాట పక్కనే ఉంటుంది. చివరి మూల, రాళ్ల దిబ్బ వెనక, మధ్యాహ్నం మూడు తర్వాత నాటిన వరసలు, ఇవి మీ లెక్కలో తప్పక రావాలి.

ఈ తాడు పద్ధతి నేను కనిపెట్టింది కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో అడవి కొట్టిన చోట కూలీలు మొక్కకు ఇంత అని రేటు మీదే నాటుతారు. అక్కడ 3.99 మీటర్ల తాడుతో 50 చదరపు మీటర్ల వృత్తాలు వేసి, వాటిలో మొక్కల్ని తవ్వి చూసి, నాణ్యత శాతం పడిపోతే బిల్లు కోస్తారు. మనకు వాళ్ల చలి, వాళ్ల దేవదారు జాతులు లేవు, కానీ రేటు మీద పని చేయించినప్పుడు మనిషి చెయ్యి తొందరపడడం ఎక్కడైనా ఒకటే. కాబట్టి మీ అగ్రిమెంటులో మొక్కల సంఖ్యకే కాదు, వృత్తాల్లో వచ్చిన శాతానికి కూడా డబ్బు ముడిపెట్టండి. నా అలవాటు ఇది: వందకు 90 పైన బాగుంటే కోత లేకుండా పేమెంట్. అంతకన్నా తగ్గితే తప్పులున్న భాగం సరిచేశాక పేమెంట్, ఆ సరిచేసే కూలి కాంట్రాక్టరుదే, కూలీల దినసరిలో కోయకూడదు. ఈ చివరి మాట తప్పకుండా రాయించండి. నాటే పని డబ్బులో నాటిన వెంటనే 40 శాతం, నవంబరు లెక్క తర్వాత 30, మరుసటి జూన్ లెక్క తర్వాత 30 అని విడదీస్తే కాంట్రాక్టరుకు మొక్క మీద ధ్యాస ఉంటుంది.

నవంబరు లెక్క అన్నాను కదా, ఆ రోజు లెక్క కన్నా ముఖ్యమైన పని ఇంకోటి ఉంది. చనిపోయిన మొక్కల్ని పీకి చూడాలి. చాలామంది బతికినవి లెక్కపెట్టి వచ్చేస్తారు. ఎందుకు పోయిందో చెప్పేది చనిపోయిన మొక్కే. పీకగానే మట్టిముద్ద నర్సరీ ఆకారంలోనే వచ్చి, ఒక్క వేరు కూడా బయటికి పోలేదంటే అది నాటడంలో తప్పు: కవరు, ఎండిన ముద్ద, లేదా వదులు మట్టి. వేర్లు నాలుగైదు అంగుళాలు చుట్టూ నేలలోకి పాకి, తర్వాత ఎండిపోయాయంటే నాటినవాళ్లు తమ పని బాగానే చేశారు, నీళ్లు అందలేదు. వేరు మీద తొక్క పోయి, మట్టి గూడు అంటుకుని ఉంటే చెదలు. వేరు నల్లబడి వాసన వస్తుంటే నీరు నిలిచింది. కొమ్మ పైన కొరికినట్టుంటే మేక. ఇలా ఒక యాభై మొక్కల్ని పీకి, పక్కన కారణం రాసుకుంటే ఎవరిని అడగాలో మీకు స్పష్టంగా తెలుస్తుంది. మేకలు తిన్న మొక్కలకు నాటిన కూలీల్ని తిట్టడం నేను చాలాచోట్ల చూశాను, అది చాలా బాధ కలిగించే విషయం.

ఇప్పుడు 85 శాతం సంగతి. ఈ అంకె మీరు ఎక్కడో విని ఉంటారు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో ఊళ్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత సర్పంచి మీదా కార్యదర్శి మీదా పెట్టారు. బాధ్యత పెట్టడం మంచిదే. కానీ ఏ సంఖ్యలో 85 అన్నది రాసుకోకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు. ఆగస్టులో పోయినవాటి చోట సెప్టెంబరులో కొత్తవి పెడతారు, అవీ పోతే మళ్లీ పెడతారు. చివర్లో లెక్కపెడితే 4,500 గుంతల్లో 4,000 మొక్కలు నిలబడి ఉంటాయి, కానీ వాటిలో సగం రెండు నెలల వయసువి, రాబోయే వేసవి దాటవు. అందుకే మొదటిసారి నాటినవాటికీ తర్వాత మార్చినవాటికీ వేర్వేరు గుర్తు పెట్టండి. ఊతకర్రకు తెల్ల రంగు మొదటివాటికి, ఎర్ర రంగు మార్చినవాటికి. రిజిస్టరులో రెండు వరసలు. శాతం తెల్లవాటి మీదే తీయండి.

జూన్ లెక్కలో ఇంకో పొరపాటు జరుగుతుంది. వేసవిలో ఆకు రాల్చే జాతులు ఎండు పుల్లల్లా నిలబడి ఉంటాయి, పోయాయనుకుని పీకేస్తారు. మొదలు దగ్గర గోటితో కొద్దిగా గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే అది బతికే ఉంది, వానకు చిగురేస్తుంది.

వేసవి నీళ్ల లెక్క ఇప్పుడే వేసుకోండి. మొక్కకు 10 లీటర్ల చొప్పున 4,500 మొక్కలకు ఒక తడికి 45,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు అయితే తొమ్మిది ట్రిప్పులు. ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వారం దాకా పది రోజులకో తడి అంటే 13 తడులు, 117 ట్రిప్పులు. మీ బడ్జెట్టులో ఈ 117 ట్రిప్పులకు డబ్బు ఉందా? తెలంగాణలో అయితే పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమంలో పంచాయతీలకు ట్రాక్టరు, ట్యాంకరు ఇచ్చారు కాబట్టి డీజిలు, డ్రైవరు ఖర్చుతో అయిపోవచ్చు, పంచాయతీతో ముందే మాట్లాడుకోండి. డబ్బు చాలదనుకుంటే పదెకరాల్లో నాటకండి. ఆరెకరాల్లో 2,700 నాటి, కంచె వేసి, మూడు వేసవులు నీళ్లు పోయండి. మిగతా నాలుగెకరాలకు మరుసటి ఏడాది రండి. ఈ మాట చెప్తే చాలామందికి నచ్చదు, పెద్ద సంఖ్య ఫ్లెక్సీ మీద బాగుంటుంది కాబట్టి. కానీ మీవాళ్లు కష్టార్జితం పెడుతున్నారు, అది వేసవిలో ఎండిపోతే మళ్లీ ఎవరూ ముందుకు రారు. మీ ప్రశ్న చదవగానే నాకు మొదట తట్టిన భయం అదే.

చివరగా, మీ నేల ఎర్ర చల్కా, నల్లరేగడా అన్నది మీరు రాయలేదు. చెరువు వెనక అన్నారు కాబట్టి అడుగుతున్నాను. జాతులు ఖరారు చేయకముందు పదెకరాల్లో ఆరేడు చోట్ల గుంత తవ్వించి, సాయంత్రం నిండా నీళ్లు పోయించి, పొద్దున వెళ్లి చూడండి. నీళ్లు ఇంకిపోతే మీరు పెడదామనుకున్న వేప, ఉసిరి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. పొద్దునకి ఇంకా సగం నీళ్లు నిలిచి ఉంటే ఆ భాగంలో అవి పెట్టకండి. అక్కడ తెల్లమద్ది, నేరేడు, కానుగ, నల్లతుమ్మ పెట్టించండి, గుంతలో కాకుండా అడుగు ఎత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటించండి. ఎక్కడెక్కడ ఎంత నీరు నిలిచిందో రాసి ఇక్కడే పెట్టండి, ఏ వైపు ఏ జాతి పెట్టాలో చూసి చెప్తాను.